లైటు గిన్నెలో బెజ్జం

ఏంది పాపా, యాడ? ఇట్ల తిప్పు, నా కండ్లకి ఆనలా. బెజ్జమా, ముందర లైటు గిన్నెకి అడుగునా? తుప్పు పట్టి పడుంటాది మే, ముప్పై ఏండ్ల మోటారుబండి, మీ తాత పోయినాకే ఆరేండ్లయిపాయ. వేలకి, అదే పనికి, దీంట్లోనే పోతానని నువ్వు పట్టుబట్టినావు గానీ, లేకుంటే ఇనప సామాన్లోనికి ఎత్తేసుందుము. కాదా? గుండ్రంగా, డ్రిల్లు పెట్టి ఏసినట్ల ఉండాదా? మళ్ళా ఈ సైకిల్ ట్యూబు ముక్కలు ఏంది, ఒక్కో వైరుకీ తొడిగి దారంతో కట్టి... ఉండు నిత్యా, ఉండు. ఆ దారం చూడనీ. చెప్పులు కుట్టే దారానికి మైనం పూసి కట్టేది ఒకే ఒక మనిషి. ఇది పాల్‌రాజు కట్టు.

నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందు మాట. మన కనకమ్మ సత్రం కూట్రోడ్డులో, రోడ్లు కలిసే కాడ, టీ కొట్టు పక్కన పెట్టంత అంగడి, బండ్లకి కరెంటు పని చేస్తా ఉండినాడు. ఆదివారం చర్చికి పొయ్యేటప్పుడు తెల్ల చొక్కా, మిగతా ఆరు దినాలూ ఒకటే ఖాకీ. ఆయన పెండ్లాం రాజామణి, నేను, ఒక కంచంలో తినకపోయినా అంత పని. ఆయన వైరు ఎతికేది చూడల్ల నువ్వు. నువ్వు ఫోన్లో వీడియో చూసి అన్నీ ఒకేసారి పీకి పెట్టినావు గదా, ఆయన అట్ల పీకడు. చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టుకోని, బ్యాటరీ కాడ మొదలుపెట్టి జానెడు జానెడుగా ముందరికి వస్తాడు. బల్బు ఎలిగిందా, ఇంతదాకా బాగుండాది. ఎలగలేదా, ఈ జానెడులోనే ఉండాడు దొంగ. "తొందరేమక్కా, దొంగ యాడికీ పోడు, లోపలే కూచోనుంటాడు" అంటాడు. పొడిపొడిగా మాట్లాడే మనిషి, అదే ఆయనకి పెద్ద మాట.

నాకు ఈ బండంటే ప్రాణం. బండంటే ఏమి, బండి మీద పొయ్యే మనిషంటే. మీ తాతకి మణవాళనగర్ కాడ కంపెనీలో వేల, షిఫ్టు ముగించుకోని చీకట్లో రావల్ల, ఆ రోడ్డులో లారీలు చూసినావు గదా. కొన్న దినమే తిరుత్తణి కొండకి తీసకపోయి పూజ చేయించినాము. ఆమీదట ప్రతి శుక్రవారం నేనే. చెంబుడు పసుపునీళ్ళు నెత్తిన పోసి, నెత్తంటే ఈ లైటే, బండికి మొగం అదే గదా, గంధం, కుంకం, నిమ్మకాయ. మా ఆడబిడ్డ అలిమేలమ్మ నోరు ఊరుకోదు, "ఏమొదినా, మా అన్నకి ఒకనాడన్నా ఇంత బాగా తలకి పోసినావా?" అనేది.

అంత చేసినా లైటు నిలవలా పాపా. రెండు నెలలకొకసారి టపీమని ఆరిపోయేది. ఒకసారి తిరువళ్ళూరు దాటంగానే ఆరిపోయి, గుంతలో పడి మోకాలు చీరుకోని వచ్చినాడు మీ తాత. పాల్‌రాజు బాగుచేస్తాడు, మళ్ళా పోతాది. మూడోసారి ఆయన్ని ఇంటికే పిలిపించినా. శుక్రవారం, అప్పుడే పూజ చేసి లేసినా. మునగచెట్టు కింద కూచోని, బల్బు పెట్టుకోని, వెనకనుంచి వచ్చి వచ్చి లైటు కాడ ఆగినాడు. గిన్నె ఇప్పినాడు. లోపల చూసినాడు, నా పక్క చూసినాడు, మళ్ళా మూసినాడు. లేసి, చేతులు తుడుచుకోని, మెల్లిగా, "అక్కా, ఆ పసుపునీళ్ళు చక్రానికి పోసినా బాగుంటాది గదా, సామికి పాదాలు కడిగినట్ల" అన్నాడు. నాకు యాడలేని కోపం వచ్చింది. "మా సామికి యాడ పొయ్యాల్నో చర్చికి పొయ్యే నువ్వా చెప్పేది? నీ పని నువ్వు చూడు" అని అరిచినా. వీధంతా ఇన్నారు. "తప్పక్కా" అని మళ్ళా కూచున్నాడు. ఇంకో రెండు గంటలు కూచున్నాడు. ఏందో సాగదీస్తా ఉండాడు అనుకున్నా.

ఏమంటావు? నీళ్ళు లోపలికి దిగి వైర్లు చిలుమెక్కినాయని నేరుగా చెప్పుండొచ్చునా? ఎట్ల చెప్తాడు? నీ పూజతోనే నీ మొగుడు పడినాడని ఒక ఆడమనిషికి ఏ నోటితో చెప్తాడు? చెప్పినా నేను ఇనుంటానా!

ఆ దినంనుంచి లైటు పోతే ఒట్టు. లైటు పోలేదు, పాల్‌రాజుతో పనీ పడలా. దాన్ని పట్టుకోని నేనేం చేసినానో తెలుసునా? కుళాయి కాడ అందరికీ చెప్పినా. "ఆయన చెయ్యి పడినన్నాళ్ళూ పోతానే ఉండె, ఆయన్ని మానుకున్నాము, నిక్షేపంగా ఉండాది. మళ్ళా రావల్లని ఆయనే ఏదో ఒకటి వదులు చేసి పంపిస్తాడు" అని. ఒకరు మానుకున్నారు, పదిమంది మానుకున్నారు. రెండేండ్లలో అంగడి మూసి, తిరుత్తణిలో ఏదో కల్యాణమండపానికి వాచ్‌మేనుగా పాయినాడు. రాజామణి ఎదురుపడినా మొగం తిప్పుకోని పొయ్యేది. నేను మటుకు శుక్రవారం శుక్రవారం నెత్తిన పోస్తానే ఉండినా. అడుగునుంచి బొట్లు బొట్లుగా పసుపునీళ్ళు కారేవి మే. తీర్థమని ఏలితో తీసి కండ్లకి అద్దుకునేదాన్ని. ఈ బెజ్జంలోనుంచే గదా కారింది! నేను పోసేది ఆపలేక, పోసింది పొయ్యేదానికి దోవ చేసినాడు. మీ తాతకి తెలుసునో ఏమో, అడిగేదానికి మనిషి లేడు. తప్పు నాది తల్లీ, నోరు నాది.

మళ్ళా ఆయన్ని చూసినానా అంటే, ఒకసారి చూసినా. ఆడికృత్తిక పండగకి తిరుత్తణి పోయినప్పుడు, బస్టాండులో. మనిషి సగమైపోయినాడు. తానే ఎదురొచ్చి, "అక్కా, లైటు ఎలుగుతా ఉండాదా?" అన్నాడు. నేను బస్సు ఎక్కుతా ఎక్కుతా, "ఎలగక ఏమి, నీ చెయ్యి పడలేదు గదా" అన్నా. నవ్వినాడు పాపా. ఎక్కిరింపు కాదు, బిడ్డకి మార్కులొచ్చినాయని ఇన్నట్ల. "ఎలుగుతా ఉండాదా, సంతోషమక్కా" అని, బస్సు కదిలేదాకా ఆడనే నిలబడుకోనుండినాడు. ఆ వానల్లోనే మనిషి పాయినాడని కబురొచ్చింది. సావుకి నేను పోలా.

...పొయ్యిమీద పాలు పెట్టినా, చూసొస్తా ఉండు.