బస్రా కక్కసు గుంతలో గంగమ్మ

ఏమప్పా, నువ్వూ ట్యాంకరుకేనా? పెట్టు, నా బిందె ఎనకాల పెట్టు. వచ్చినప్పుడు వస్తాది, ఆ డ్రైవరు ఫోను ఎత్తనే ఎత్తడు. కూచో. నీళ్లకి ఇట్లా కాచుకోని కూచుంటే నాకు మా బయ్యప్ప మామే గుర్తొస్తాడు. మాయమ్మ తమ్ముడు, పాతపాళ్యలో బాయిలు తవ్వే మనిషి. నువ్వు యాడ చూసుంటావులే, నువ్వు పుట్టకముందే పోయె. ఇప్పటి మాదిరి బోరు మిషను కాదప్పా, గడ్డపార, పార, తట్ట, అంతే. మన తావున ఆరు మట్లు, ఏడు మట్లు, మట్టంటే మనిషెత్తు, అంత తవ్వినా అడుగున దుమ్మే లేస్తాండె. అందుకే మన పక్క ఒక కట్టుబాటు. నీళ్లు పడినాయా, పని నిలిపేయల్ల. గంగమ్మకి పూజ చేయల్ల, చేను గలాయన తవ్వినోని తలకి కొత్తగుడ్డ చుట్టల్ల. చుట్టిందాకా మళ్లా గడ్డపార ముట్టేది లేదు. గుడ్డ ఎంతదైతేనేమి, అది మర్యాద.

ఊరోళ్ల బాయిలన్నీ తవ్వినోనికి సొంత బాయి లేదు. మా అత్త అక్కమ్మకి పుట్టింటోళ్లిచ్చిన చేనుండె, దాంట్లో తవ్వల్లని ఒకటే పిచ్చి. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం గదా, చింతామణిలో మిలిట్రీ కూలికి మనుషుల్ని రాసుకుంటాండారంటే పోయి రాయించుకొనె. రెండేండ్లు. యాడికనుకున్నావు? బస్రాకి! సముద్రం దాటి, అరబ్బోళ్ల దేశానికి. "రెండేండ్లు నిండితే దుడ్డు, బాయి అక్కా, మధ్యలో తరిమేస్తే వట్టి చేతులే" అని అత్తకి చెప్పి పోయె. పెండ్లానికి అక్కా అనేదేమంటావా? అక్కమ్మ గదప్పా, అట్లే పిలుస్తాండె, ఊరంతా నవ్వుతాండె.

అత్త కట్టిచ్చిన రాగిపిండి పన్నెండు దినాలకే అయిపాయె. ఆడ రొట్టెలే. మామేమి చేసె, రొట్టె తుంచి ఉడుకునీళ్లలో వేసి, గుడారం మేకుతో గెలికి ముద్ద చేసె. సంగటి ముద్దని మనం నమలం గదా, మింగుతాము. ఈయప్ప రొట్టెముద్ద గుటుక్కని మింగితే, పక్కన టీ అమ్మే ముసలి అరబ్బాయన గొంతులో ఇరుక్కునిందనుకోని పరిగెత్తుకోని వచ్చి వీపు మీద దబీదబీమని గుద్దె! మరుసటి దినమూ గుద్దె. వారం దినాలు గుద్దులు తిన్నాకనే వాళ్లిద్దరికీ స్నేహమాయె. పాలు లేని టీ, ఇంత చిన్న గాజుగ్లాసులో, దినామూ ఊరికే ఇస్తాండె. మామ దానికీ అలవాటు పడె.

ఇంగ అసలు కత విను. క్యాంపు తెల్లదొర కక్కసులకి గుంతలు తవ్వమనె. మామ నాలుగు పోట్లు పొడిచినాడో లేదో, మోకాటిలోతులోనే బుడబుడమని నీళ్లు! గడ్డపార పారేసి గట్టెక్కి చేతులు జోడించి "గంగమ్మా!" అని అరిచె. మన పక్కోళ్లు యాభై మందీ పార్లు కింద పెట్టేసిరి. టీ ముసలాయన ఖర్జూరాలిచ్చె, టెంకాయ లేదుగదా, అదే నైవేద్యం. ఒకడు నీళ్లు నోట్లో పోసుకోని "ఉప్పు మామా" అంటే "ఉప్పగుంటే గంగమ్మ కాదేమిరా?" అని గద్దించె. పూజ అయినాక దొర ముందర తల వంచి నిలబడె, గుడ్డ చుట్టమని!

మేస్త్రి ఈరప్పకి ముక్కాముక్కా ఇంగ్లీషు. "సార్, వాటర్ కమ్, క్లాత్ గివ్" అనె. దొరకి తలా తోకా తెలీలే. "ఇది కక్కసు గుంత రా!" అని ఎగిరె. ఈరప్ప ఆ మాట చెప్తానే మామ చెవులు మూసుకొనె. "గంగమ్మ మీద పోయల్లనా? నా తల తీసినా పోయనీను." సరే, ఇంగోచోట తవ్వమనె దొర. ఆడా నీళ్లే. మళ్లా పూజ. సాయంత్రానికి ఏడు గుంతలు, ఏడు పూజలు, ఖర్జూరాలన్నీ ఖాళీ, క్యాంపులో మున్నూరు మంది కడుపులు పట్టుకోని! దొరా వాళ్లలో ఒకడే అనుకో. "రేపు పడవెక్కిచ్చి పంపిస్తా వీణ్ణి" అనె.

ఆ మాట వింటానే మామకి అక్కమ్మ చేను, బాయి, అంతా కండ్ల ముందర తిరిగె. ఏడు గుంతలనీ చూసి, తవ్విపోసిన మట్టిని చూసి, "ఈరప్పా, కిందికి పోతే గంగమ్మ అడ్డమొస్తాండాది, పైకి పోదామని చెప్పు" అనె. ఆ మట్టినే ఎత్తుగా దిబ్బపోసి, మెట్లు కొట్టి, పైన పలకలేసి, కింద పీపాలు పెట్టి, తడికలు కట్టిరి. తెల్లారేటప్పటికి మన గుడి గోపురం మాదిరి నిలబడె. మొదట ఎక్కింది దొరనే! పరిగెత్తి ఎక్కె, నిమ్మళంగా దిగె, మొగమంతా నవ్వు. భుజం మీద తెల్ల టవలు తీసి మామ తలకి ఆయప్పే చుట్టె. రెండేండ్లూ ఆ క్యాంపులో దాని పేరు బయ్యప్ప గోపురమే.

ఆ టవలు ఒక్కతూరి కూడా తడపకుండా మడిచి తెచ్చె. వచ్చి అత్త చేన్లో తవ్వె. ఏడు మట్లు, దుమ్ము. ఎనిమిది, దుమ్ము. తొమ్మిదో మట్టులో కిందినుంచి "అక్కా, బస్రా! బస్రా!" అని ఒకటే అరుపు. పైకొచ్చి, ఒళ్లంతా బురద, అత్త ముందర తల వంచి నిలబడె. చేను గలామె ఆమే గదప్పా. కొత్తగుడ్డ యాడుండాది ఆ ఇంట్లో? ఆ టవలే తెచ్చి చుట్టె, నవ్వుతానే ఏడుస్తా. ఆ నీళ్లు, అబ్బా, టెంకాయనీళ్లే అనుకో.

ఏమంటివి? ఆ బాయా? ఇప్పుడు యాడుండాదంటావా?

దాంట్లో నీళ్లుంటే నేనీడెందుకు కూచుంటానప్పా?

జరుపప్పా, ఆ బిందె ముందుకు జరుపు. హారను వినపళ్లేదా?