నాయన మైకుసెట్టు

1966లో ఒక ఆదివారం సాయంత్రం. కావలి దగ్గర సముద్రపు ఊళ్లో, అందరూ వెళ్లిపోయిన చర్చిలో, పాస్టరు గారి పిల్లలు అక్కా తమ్ముడూ మైకుసెట్టు ముందు కూర్చున్నారు. తమ్ముడి ఒళ్లో గిటారు ఉంది.

"రేడియోలో ఆ ఇంగ్లండు కుర్రోళ్ల గిటారు గరగరమంటదక్కా. నాకు అదే కావాల."

"ఈ సెట్టులో ఆ గరగర పోవాలనే గదరా రేపు దీన్ని రిపేరుకిచ్చేది."

"అందుకే ఈ పొద్దే వాయించాల. మైకు గిటారుకి దగ్గరగా పెట్టు. బాసు తగ్గించి ట్రెబిల్ పెంచు. వాల్యూము ఎంతలో ఉండాది?"

"సగంలో."

"అట్లయితే మెత్తగా వస్తది. చివరిదాకా తిప్పు."

"నాయన కూడా చివరిదాకానే తిప్పేవాడు. పడవల మీదోళ్లకి కూడా ప్రార్థన వినపడాలని."

"ఇప్పుడు విను... వచ్చిందక్కా, అచ్చం రేడియోలో మాదిరే. ఏందక్కా, ఏడుస్తుండావా?"

"నాయన ఆమెన్ అంటే ఇందులో గొంతు ఇట్నే చిరిగినట్టు వచ్చేది. ఆయన పోయినకాడి నుంచి ఎంత తల్చుకున్నా ఆ గొంతు నాకు గుర్తుకు రాలేదురా."

"ఇంకోసారి వాయించేదా?"

"వాయించు. రేపు రిపేరాయన వస్తే, ఇది బాగానే ఉండాదని చెప్పి పంపించేస్తా."