ఖాళీ సీసాల అంగీ

నందికొండ. పుట్టి అనే గుండ్రటి పడవ వేసుకుని సాగర్ నీళ్లలో చేపలు పట్టే జానయ్య ఇంటి అరుగు. అతని భార్య స్వర్ణ ఒడిలో పాత ఫ్లెక్సీతో కుట్టిన అంగీ ఒకటి, నీళ్లలో పడ్డ మనిషిని తేల్చేది.

“గిది ఎవలికి కుడుతున్నవే?”

“నీళ్లల్లకు పోయేటోళ్లకు.”

“నీళ్లల్లకు సగం ఊరు పోతది. పేరు చెప్పు.”

“పేరెందుకు, కుట్టు చూడు. ఓట్లప్పుడు కట్టిన ఫ్లెక్సీ. ఎండకు చినగలే, వానకు చినగలే. లోపట టూరిస్టులు పారేసిన నీళ్ల సీసలు, మూతలు బిగిచ్చి పెట్టిన. పట్టీలు పాత కారు బెల్టులయి. తొట్టిల రోజంత ముంచితే మునుగనే లేదు.”

“వీపు మీద ఎవడో దండం పెడుతుండు.”

“లీడరు. మొకం లోపటికి మడిచిన, దండం మిగిలింది. నీళ్లల్ల పడ్డోళ్లకు గదే అక్కరకొస్తది.”

“మాట మార్చకు. నేను తొడిగి చూసిన. ఛాతి కాడ పడ్తలేదు.”

“ఎప్పుడు తొడిగినవ్?”

“నువ్వు దుకాణంకు పోయినప్పుడు. నా కొలత కాకపోతే ఎవనిది? పక్క పుట్టి మల్లేష్‌దా?”

“మల్లేష్ బొర్రకు గిసొంటియి రెండు కావాలె.”

“వాని బొర్ర కొలత నీకెట్ల ఎరుక?”

“కొలిచేదేముంది. మనిషి కంటె ముందుగాల గదే వస్తది.”

“మొన్న రేవు కాడ మీరిద్దరు గుసగుస పెట్టిన్రు. నేను రాంగనే బందు వెట్టిన్రు.”

“వెట్టినం.”

“ఏం మాట?”

“నీ మాటనే.”

“నా గురించి వానితోని ఏం మాట?”

“జర గా పట్టీ బిగిచ్చి సూపెట్టు, చెప్త. ఎడమ చేత్తోని.”

“కుడి చేత్తోని బిగిస్తే బిగుసుకోదా?”

“ఎడమ చేత్తోని అన్న.”

“జారుతాంది. నీకు కుట్టుడే రాదు.”

“జారేది పట్టీ కాదు, నీ చెయ్యి. మొన్న నడి నీళ్లల్ల తెడ్డు గూడ గిట్లనే జారిందంట గద. పుట్టి తిరగవడ్డదంట. నాకేమో వానకు తడిసిన అన్నవ్.”

“వాడు చెప్పిండా?”

“నీ జుట్టు వట్టి నీళ్లల్లకెళ్లి గుంజినోడు వాడే గద. వాడు చెప్పకపోతే నువ్వు చెప్తవా?”

“గదంత ఇడిసిపెట్టు. చెయ్యికి తిమ్మిరి, తగ్గుతది. గీ అంగీ కొలత ఎవనిదో గది చెప్పు.”

“నాది. రేపు పుట్టి నేనెక్కుత. మల్లేష్ బండి తెస్తుండు, నువ్వు దవాఖానకు పో.”