భోంపు విని ఆగిన చేప

నేను అబద్ధాలాడతానని మా భుయ్యాడీ బస్తీలో ఎవరైనా చెబితే నమ్మకండి. నేను కొంచెం పెంచుతాను, అంతే. మా ఇంటిది రాత్రి పిండి రుబ్బి పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది కదా, నా మాటా అంతే. దానంతట అది పొంగితే నా తప్పేటి?

చదువు మూడో క్లాసు, అదీ రెండు సార్లు. పని ఉక్కు కంపెనీలో క్రేను నడపడం. పైన కేబిన్లో షిఫ్టంతా ఒంటరిగా కూర్చుంటాను, మాటలన్నీ లోపలే ఊరిపోతాయి. షిఫ్టు సైరను, మా మాటలో భోంపు, కూసి కిందకి దిగేక ఎవడు దొరికితే వాడి మీద దింపుతాను. ఎక్కువగా పోలమ్మప్ప టీ కొట్టు దగ్గర. ఇక నాకున్న మరో జబ్బు గాలం. ఆ జబ్బు పట్టిన మొదట్లో సువర్ణరేఖ ఏట్లో నేను పట్టినవి ఒక చెప్పు, ఒక సైకిలు ట్యూబు, స్నానాల ఘాటు దగ్గర ఆరేసిన ఒక పంతులుగారి పంచె. మా చిన్నది బడిలో "మీ నాన్న ఏటి చేస్తాడు" అనడిగితే "ఏట్లోంచి బట్టలు తెస్తాడు" అని చెప్పిందట.

ఆ ఆదివారం పొద్దున్న కొట్టు దగ్గరికి సీతారామరావుగారు వచ్చేరు. ఆయనది పర్లాకిమిడి వైపు. కంపెనీ ఆఫీసులో పెద్ద గుమాస్తా, గాలం క్లబ్బుకి సెక్రటరీ. అలాంటి మనిషి మా బెంచీ మీద కూర్చోడానికి రావడమే వింత. పోలమ్మప్ప బెంచీని చెంగుతో తుడిచింది.

"ఆదిబాబూ," అన్నారాయన, "నిన్న డిమ్నా చెరువులో జుగ్సలాయి నూనె వ్యాపారి ఒకాయన కత్లా పట్టేడు. ఇరవై రెండు కిలోలు. క్లబ్బు మొదలెట్టిన తరవాత అంత చేప పడలేదు. సాయంత్రం పెయింటరు వచ్చి రికార్డు బోర్డు మీద ఆయన పేరు రాసేస్తాడు. పోయినేడు నువ్వూ ఏదో పెద్ద చేప పట్టేవని ఆఫీసులో విన్నాను. ఏట్లోదైనా చెరువులోదైనా మాకు ఒకటే. నాకు రెండే కావాలి. ఎన్ని కిలోలు, తూచినప్పుడు చూసినవాళ్ళెవరు. చెప్పేవంటే పెయింటర్ని ఆపుతాను."

పక్కనే ఉన్న అసిరయ్య మావ గ్లాసు కింద పెట్టేశాడు. "సెప్పీరా అల్లుడా. ఆ బోర్డు మీద అందరూ ఆఫీసరు సాయిబులూ ఇంజినీర్లే. మనోడి పేరు ఒక్కటీ లేదు."

ఆ బోర్డు సంగతి నాకు ఒకరు చెప్పాలా? క్లబ్బు కంచె బయట సైకిలు ఆపి ఎన్ని సార్లు చూసేనో. నల్ల బోర్డు, పచ్చ అక్షరాలు. నా పేరు ఇప్పటిదాకా రాసి ఉన్నది నా టిఫిను డబ్బా మీద ఒక్కచోటే, అదీ మేకుతో గీకింది. బోర్డు మీద పెయింటుతో "ఆదిబాబు" అని రాస్తే ఎలాగుంటుందో ఊహించుకుంటే ఒళ్ళు జల్లుమంది. రావుగారు జేబులోంచి చీటీ, పెన్సిలు తీసేరు.

ఆయన అడిగింది రెండు ముక్కలు. రెండు ముక్కల్లో చెబితే పోయేది. కానీ బెంచీ నిండా జనం, చేతిలో వేడి టీ, ఎదురుగా అసిరయ్య మావ కొడుకు సూర్యం నోరు తెరుచుకుని వింటున్నాడు. మొదలెట్టేను.

"రావుగారూ, ఎమర్జెన్సీ ఎత్తీసిన ఏడది. వరద తగ్గి నీళ్ళు తేటబడతన్నాయి. నేను నైటు డూటీ దిగి సరాసరి ఘాటుకి ఎల్లినాను. ఇక్కడోళ్ళు ఎరకి చీమగుడ్లు కడతారు. నేను మా ఇంటిది కాసిన చోడంబలి గట్టిగా ముద్ద సేసి, కూసింత ఇంగువ కలిపినాను. మన శీకాకుళం వాసన తగిలితే చేపైనా ఆగతాదని. గెడ పాతి, తాడు నా నడుముకి కట్టుకున్నాను. క్రేనోడి అలవాటు బాబూ, స్లింగు కట్టకుండా బరువు ముట్టుకోకూడదు. కట్టుకుని రాయి మీద తొంగున్నాను."

రావుగారు "ఏరు, వెదురు గెడ" అని రాసుకున్నారు. అది చూసి నాకు హుషారు వచ్చింది.

"కునుకట్టింది. కలలో మా మావగారు నా నడుమట్టుకుని లాగతన్నాడు, పండక్కి రమ్మని. కళ్ళు తెరిచి సూద్దును గదా, మావగారు లేడు, రాయి లేదు, నేను నీళ్ళ మీద ఎల్లికిలా ఉన్నాను, ఏటికి ఎదురు ఎల్లిపోతన్నాను."

"నీకు ఈత రాదు కదేట్రా?" అన్నాడు అసిరయ్య మావ.

"రాదు గనకే బతికినాను మావా. వచ్చినోడైతే ఈదబోయి ములిగిపోవును. నేను ఏటీ సెయ్యలేదు, తొంగున్నోణ్ణి తొంగున్నట్టే ఉన్నాను. అలా మాంగో బ్రిడ్జి కిందకి ఎల్లేసరికి పైన బస్సు ఆగిపోనాది. కండక్టరు తల బయటెట్టి 'కహాఁ జానా హై' అని అడిగినాడు. నాకేటి తెలుసు, ముందున్నోణ్ణి అడుగు అన్నాను."

"ఫిర్ క్యా హువా, బావా?" అన్నాడు సూర్యం.

"ఆ తరవాత ఏటయిందో తెలుసా? దోముహానీ కాడ, రెండేర్లు కలిసే చోట, చేపకి అనుమానం వచ్చినాది, సువర్ణరేఖలో ఉండిపోదునా, ఖర్కాయిలోకి తిరుగుదునా అని. ఓ టీ తాగినంతసేపు ఆగినాది. అప్పుడు సూసినాను దాన్ని. కత్లా. మనూళ్ళో బొచ్చె అంటాము. తల నా ముందున్నాది, తోక ఇంకా మాంగో బ్రిడ్జి దాటలేదు."

"కిలోల్లో చెప్పు ఆదిబాబూ," అన్నారు రావుగారు.

"వత్తన్నాను బాబూ, కిలోలకే వత్తన్నాను. అది ఖర్కాయిలోకి తిరిగినాది. నేనూ ఎంతసేపని నీళ్ళల్లో నానతాను, తాడు పట్టుకుని దాని ఈపు మీదకి ఎక్కీసి కూకున్నాను. ఓ బీడీ ఎలిగించినాను. ఎదర రైలు బ్రిడ్జి. ఈపు ఎత్తుకి అది దూరదు. ఏటి సేత్తాది, ములిగినాది. అది ములిగేసరికి ఏరు పొంగి జుగ్సలాయి గొడౌన్లలోకి ఎల్లిపోనాది, పప్పు బస్తాలన్నీ నానిపోనాయి. ఆ పాలి కందిపప్పు దొరక్క మనం నెల్లాళ్ళు ఉలవచారు తాగినాము, గుర్తుందా?"

"ఉలవచారు తాగింది నిజమే," అన్నాడు బెంచీ చివరాయన. సాక్ష్యం దొరికేసరికి నేను ఇక ఆగలేదు.

"ములిగినప్పుడు నా బీడీ ఆరిపోలేదా అని అడగరేటి? ఆరలేదు. ఎందుకంటే నేను దాని మొప్పలోకి తల దూర్చీసినాను. లోపల గాలి బాగున్నాది. ఓ సైకిలుంది లోపల, బెల్లు కూడా పనిసేత్తన్నాది. గాలాలైతే లెక్కే లేదు, క్లబ్బు సాయిబుల గాలాలన్నీ అక్కడే ఉన్నాయి. ఎవుడి గాలం ఎవుడిదో సెప్పీగలను నేను.

"బైటికి వచ్చేసరికి పొద్దెక్కీసింది. నాకేమో బెంగ. ఇలాగ ఎంత దూరం లాక్కుపోతాదో, రేపు డూటీకి ఎలాగందుకుంటానో అని. అప్పుడు కంపెనీ భోంపు కూసింది. రావుగారూ, ఈ ఊళ్ళో భోంపు కూత్తే లెగుత్తాం, భోంపు కూత్తే తింటాం, సిన్నపిల్లలు కూడా భోంపు కూత్తే గానీ ఏడుపాపరు. ఆ చేప గుడ్డులో ఉన్నకాణ్ణించి అదే ఇంటన్నాది. భోంపు ఇనగానే లాగుడు ఆపీసినాది. షిఫ్టయిపోనాది కదా. ఇంకో అడుగు ముందుకి ఎయ్యలేదు. చల్లగా ఎనక్కి తిరిగి, నన్నేసుకుని ఇంటికి బయల్దేరినాది. దానిల్లు మన భుయ్యాడీ ఘాటు కిందే."

"ఓవర్‌టైమ్ నహీఁ కియా?" అన్నాడు సూర్యం.

"సెయ్యలేదు. యూనియన్లో ఉన్నాది కాబోలు."

బెంచీ అంతా నవ్వింది. రావుగారూ నవ్వేరు, కానీ పెన్సిలు చీటీ మీద ఆగే ఉంది. "సరే, ఒడ్డుకి వచ్చేవు. తూచేరా?"

"తూసే ముందు ఎత్తాలి కదండీ. ఊరు ఊరంతా వచ్చి లాగినా కదల్లేదు. ఇంక నేను సెయ్యెత్తి బొటనేలు పైకెట్టినాను, ఇలాగ, క్రేనుకి సిగ్నలిచ్చినట్టు. ఊరికే, అలవాటు కొద్దీ. కంపెనీలో ఆ పూట నా కేబిన్లో ఎవుడున్నాడో గానీ మంచి పనోడు, ఎంతదూరంలో సిగ్నలున్నా సూత్తాడు. గోడ మీంచి హుక్కు వచ్చినాది. తగిలించినాను. చేప లెగిసేసరికి ఏరు అడుగంటిపోనాది, ఆడోళ్ళు సీర కుచ్చిళ్ళు తడవకుండా అవతలొడ్డున మాంగోకి నడిచి ఎల్లిపోనారు. పొలుసులు ఊడి పడతంటే జనం రేకులనుకుని ఎత్తుకుపోనారు. అసిరయ్య మావ వంటింటి మీద రేకులు ఎక్కడియనుకుంటన్నారు?"

"మా బామ్మరిది తెచ్చినాడురా," అన్నాడు అసిరయ్య మావ నెమ్మదిగా.

"అతనికెక్కడియి? ఆ రోజు ఏరినవే. ఇంక తూకం. కంపెనీలో వేగన్లు తూసే కాటా ఉన్నాది కదా, దాని మీదకి దింపబోతంటే ముల్లు ఓ చుట్టు తిరిగినాది, రెండో చుట్టు తిరిగినాది. ఇంకా తోక గాల్లోనే ఉన్నాది. క్రేను అలాగే పట్టుకునుంటే రెండు టన్నుల దాకా..."

రావుగారు పెన్సిలు బెంచీ మీద పెట్టేరు. ఆయన ముఖంలో కోపం లేదు. పాపం, పిల్లాడికి మిఠాయి పొట్లం తెచ్చి, పిల్లాడు దాన్ని మురికి కాలవలో పడేస్తుంటే చూస్తున్నట్టున్నారు.

"రెండు టన్నులు," అన్నారు. "చూసినవాళ్ళు?"

నేను తగ్గలేదు. "చూడ్డమేటండీ, తిన్నారు. మా క్వార్టర్ల లైను లైనంతా తిన్నాది. ఇదిగో, పోగులెట్టింది పోలమ్మప్పే. అడగండి."

పోలమ్మప్ప బజ్జీలు వేయిస్తోంది. ఇటు తిరగలేదు.

"ఇరవై నాలుగు," అంది.

"ఇరవై నాలుగేటి?" అన్నాడు అసిరయ్య మావ.

"కిలోలు. మా ఆయన బొగ్గుల డిపోలో కాటా ఉన్నాది కదా, దాని మీద నేనే తూసినాను. తూయకుండా పోగులెలాగ ఎడతాను? ఒకింటికి ఎక్కువ, ఒకింటికి తక్కువ ఎల్తే ఆ రాత్రి లైన్లో ఎవురైనా నిద్దరోనిత్తారా? తల మాత్రం, పట్టినోడికి సెల్లాలని, ఈడికే ఇచ్చినాను." బజ్జీలు తీసి పళ్ళెంలో పోసింది. "ఏటికి ఎదురూ ఎల్లలేదు, బస్సూ ఆగలేదు. పొద్దున్న నుంచి మజ్జాన్నం దాకా మోకాల్లోతు బురదలో కూకున్నాడు. తాడు అరిసేతులు కోసీసింది. నెత్తురు కారతన్నాది, ఒగ్గలేదు. ఒడ్డుకి లాగినాక కాళ్ళు రాక ఏడిసినాడు. నేనే పసుపెట్టి గుడ్డ కట్టినాను."

అందరూ నా అరచేతుల వేపు చూసేరు. నేను వాటిని గ్లాసు చుట్టూ దాచుకున్నాను.

రావుగారు పెన్సిలు మళ్ళీ తీసేరు. "ఇరవై నాలుగా? ఆ నూనె వ్యాపారిది ఇరవై రెండే కదా. ఆదిబాబూ, రికార్డు నీదయ్యా. పోలమ్మ సాక్షి. పట్టినవాడు తన నోటితో తూకం చెప్పాలి, అదొక్కటే క్లబ్బు రూలు. ఇరవై నాలుగు అను. అంటే చాలు, ఇప్పుడే వెళ్ళి పెయింటరు చేతిలో పెడతాను."

"అనీరా అల్లుడా," అన్నాడు అసిరయ్య మావ. ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

అందామనే నోరు తెరిచేను. నల్ల బోర్డు, పచ్చ అక్షరాలు కళ్ళముందుకి వచ్చేయి కూడా. కానీ ఎదురుగా సూర్యం ఉన్నాడు. వాడింకా పోలమ్మప్ప మాటల్లోకి రాలేదు. మెడ పైకెత్తి, కంపెనీ గోడ మీంచి వచ్చిన హుక్కుకి వేలాడుతున్న చేపనే చూస్తున్నాడు, ఎలా దింపుతారా అని. రెండు టన్నుల చేప. తోక గాల్లో ఉంది. దాన్ని అలా అందరి ముందూ ఇరవై నాలుగు కిలోలకి దించడం ఏ క్రేను డ్రైవరుకి చేతనవుతుంది చెప్పండి?

"అప్పా," అన్నాను, "నువ్వు తూసింది తోక ముక్క కదా."

అసిరయ్య మావ తల పట్టుకున్నాడు.

పోలమ్మప్ప ఇప్పుడు ఇటు తిరిగింది, జల్లిగరిటె చేతిలో పట్టుకుని. "తోక ముక్కకి కళ్ళెక్కడివిరా? నువ్వట్టుకెల్లిన పులుసులో కళ్ళు నాకంటే నాకని మీ పిల్లలు కొట్టుకుంటన్నారని, మూడోది కూడా ఉంటే బాగున్ను అని మీ ఇంటిది నాకాడికొచ్చి సెప్పినాది."

ముందు నవ్వింది రావుగారు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "నీ చేపని రాయడానికి మా బోర్డు చాలదులే ఆదిబాబూ," అని ఇంకో టీ చెప్పేరు, నాకు కూడా. పోలమ్మప్ప వేడి బజ్జీలు నా ముందుకి తోసింది. అసిరయ్య మావ మాత్రం రెండు బజ్జీలు తినేదాకా నాతో మాట్లాడలేదు. మూడోది తింటూ, "ఇంతకీ ఆ సైకిలేటయింది?" అన్నాడు.

సాయంత్రం సైకిలు తొక్కుకుని క్లబ్బు కంచె దగ్గరికి వెళ్ళేను. రాయడం అయిపోయింది, పెయింటు ఇంకా తడిగా ఉంది. జుగ్సలాయి ఆయన పేరు, ఇరవై రెండు కిలోలు, తారీకు. అక్షరాలు గుండ్రంగా కుదిరేయి. పేరు పక్కన చిన్న చేప బొమ్మ కూడా వేసేడు పెయింటరు. కంచె పట్టుకుని చాలాసేపు చూసేను. బాగానే పట్టేడు పాపం. కాస్త పిల్ల చేప.