పీచ్ కొమ్మకు చిక్కిన గాలం

లెసోతో కొండల నడుమ, ఊళ్లను ముంచి కట్టిన జలాశయం ఒడ్డున, కంబళ్లు కప్పుకున్న ఆలుమగలు ట్రౌట్ చేపల కోసం గాలం వేసి నిలబడ్డారు. దారం ఉన్నట్టుండి బిగుసుకుంది.

“పడిందా?”

“చేప కాదు. మన పెరట్లో పీచ్ చెట్టుకి తగులుకుంది.”

“అడుగున ఏముందో నీకెట్లా తెలుసు?”

“ఇక్కడే కదా మన ఇల్లు. అటు పశువుల దొడ్డి. నీళ్లు నింపేముందు చెట్లన్నీ కొట్టెయ్యమన్నారు. పూత మీదుందని నువ్వే అడ్డం పడ్డావు.”

“ఎన్నాళ్లు దెప్పుతావయ్యా. ఇంకో గాలం కట్టు.”

“ఇదే ఆఖరుది.”

“ఇంట్లో మొక్కజొన్న పిండి సంచి కూడా దులిపేశాను. మన పిల్ల పులేంగ్ నిన్నట్నుంచీ ఏమీ తినలేదు.”

“తెలుసు. నా కంబళి పట్టుకో, దిగుతాను.”

“నీకు ఈతెక్కడ వచ్చు?”

“ఈత రాదు. ఆ చెట్టెక్కడం, దిగడం చిన్నప్పట్నుంచీ వచ్చు. కొసకొమ్మ ఎక్కువ లోతులో ఉండదు.”

“పులేంగ్ నాన్నా, ఆ నీళ్లలో చెయ్యి పెడితేనే కొంకర్లు పోతోంది.”

“నువ్వు దారం వదలకుండా పట్టుకో, చాలు.”

ఆమె దారం అందుకుని, పళ్ల మధ్య పెట్టి కొరికేసింది.

“ఏం చేశావే?”

“అప్పుడు కొట్టనివ్వలేదని ఇన్నేళ్లూ దెప్పావుగా. ఇప్పుడు నేనే తెంపేశాను. కంబళి కప్పుకో, ఇంటికి పద.”

“పిల్ల అడిగితే ఏం చెప్తావు?”

“చేప లేదని చెప్తాను. నాన్న లేడని మాత్రం చెప్పలేను.”