అంగుళమున్నర తేడా

నా పేరు పైన రాసుకున్నారు. వయసు యాభై రెండు. పని వెల్డింగు. చుట్టుపక్కల వాళ్ళు వెల్డరు బాబాయి అంటారు. ఎవరూ పిలవకుండా నేనే స్టేషనుకి వచ్చాను.

కాలిపోయిన బట్టల కార్ఖానా వెనక ఇనప తలుపు బిగించింది నేనే. పోయిన ఏడాది జూన్‌లో. చట్రం లోపలి వెడల్పు నాలుగడుగులు, ఎత్తు ఏడున్నర. భుజాలు సరిపోతే చాలదండీ, ఐమూలలు కూడా చూడాలి. నాలుగుని నాలుగుతో హెచ్చిస్తే పదహారు. ఏడున్నరని ఏడున్నరతో హెచ్చిస్తే యాభై ఆరూ పావు. కలిపితే డెబ్బై రెండూ పావు. ఎనిమిదిన్నరని ఎనిమిదిన్నరతో హెచ్చించినా అంతే. అంటే మూల నుంచి మూలకి ఎనిమిదిన్నర అడుగులు రావాలి, రెండు వైపులా. మా నాన్న నేర్పిన లెక్క ఇది.

నాకు ఒక ఐమూల ముప్పావు అంగుళం ఎక్కువొచ్చింది, రెండోది ముప్పావు తక్కువ. అప్పటికే సిమెంటు గట్టిపడింది. పగలగొట్టి మళ్ళీ పెడతానన్నాను. "వెనక తలుపేగా బాబాయ్, ఎవరు చూస్తారు? రుద్ది సరిపెట్టెయ్" అన్నారు కార్ఖానా సూపర్‌వైజరుగారు. రెక్క అంచులు రుద్ది సరిపెట్టాను. సరిపెట్టాను అంతే, సరిచెయ్యలేదు.

ఈ నెల పన్నెండున ఉదయం పదకొండూ ఇరవైకి ఇస్త్రీ గదిలో మంటలు లేచాయి. నా షాపు రోడ్డుకి అవతలే. పరిగెత్తి వెనక్కి వెళ్ళాను. లోపల తలుపు బాదుతున్నారు. గడియ లోపలి వైపుంది. "గడియ తియ్యండి!" అని అరిచాను.

"తీశానయ్యా! తీసే ఉంది! కదలట్లేదు!" అంది పిన్ని. ఆవిడ అక్కడ గుండీలు కుట్టే పెద్దావిడ, అందరికీ పిన్నే.

గడ్డపారతో పెకలించేసరికి పదకొండూ ముప్పై ఒకటి. పదిమంది బయటపడ్డారు. ఇస్త్రీ చేసే ఆమె రాలేదు.

పిన్ని గడియ వేసి కంగారులో తీయలేకపోయిందని సూపర్‌వైజరుగారు మీకు రాసిచ్చారు. ఆ కాగితం మీదే పిన్నిని స్టేషనుకి పిలిపించారు. అది అబద్ధం. గడియ తీసే ఉంది. వంకర చట్రంలో ఇనప రెక్క వేడికి ఉబ్బి బిగుసుకుంది.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టరుగారు, నేను చట్రం కొలిచాం. టేపు ఒక కొస ఆయనే పట్టుకున్నారు. ఒకటి ఎనిమిదడుగుల ఆరూ ముప్పావు అంగుళాలు. రెండోది ఎనిమిదడుగుల ఐదూ పావు. వేడికి వంగిందేమో అన్నారు. పోయిన ఏడాది నా పుస్తకంలో ఇవే అంకెలు రాసుకున్నాను. పుస్తకం ఇచ్చేశాను. "కేసు నీ మెడకి చుట్టుకుంటుందయ్యా" అన్నారు. తెలుసన్నాను.

పొద్దున పిన్నిని ఇంటికి పంపేముందు స్టేషను వరండాలో ఈ కొలత సంగతి ఆవిడకి కూడా చెప్పాను.

"నీకు ముందే తెలుసా నాయనా?" అంది.

"తెలుసు పిన్నీ."

"మరి మాతో ఒక్క మాట అంటే ఏం పోయేది? ముందు వైపే పరిగెత్తేవాళ్ళం కదా" అంది.

ఆవిడ అన్న ఆ మాట కూడా రాయండి. ఉన్నదున్నట్టే రాయండి.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. దిద్దాల్సింది ఏమీ లేదు, దాచింది ఏమీ లేదు.

(సంతకం) వెల్డరు