దస్తీ అన్న

జూబ్లీహిల్స్‌లో ఒక మాల్ కింద సెల్లారు పార్కింగు. పైన హాల్లో కొత్త సినిమా మొదటిరోజు పొద్దుటి ఆట ఇప్పుడే వదిలారు. స్కూటీ పక్కన బాలనర్సయ్య, అతని భార్య భూలక్ష్మి.

"...గా పోలీసు బొమ్మకైతే నేను రెండున్నర ఇస్త. పాటలు లేకుంటె మూడు ఇద్దును. మొన్నటి దయ్యం సినిమాకు ఒకటిన్నర. దయ్యాన్ని చూస్తే నాకు భయం గాలే, పాపం అన్నం తిని ఎన్నొద్దులైందో అనిపిచ్చింది."

"లచ్చీ."

"ఇగ గా పడవ సినిమా ఉంది సూడు, గది మాత్రం మంచిగుండె. నాలుగు. ఆఖర్ల ముసలోడు ఒక్కడే తెడ్డు ఏసుకుంట పోతుంటే..."

"నేను అడిగింది ఏ సినిమా గురించే?"

"గదే చెప్తున్న గద."

"గిప్పుడు చూసి దిగినమే, గా సినిమా."

"ఏసీ మస్తు పెట్టిండ్రు. నా కాళ్లు గడ్డకట్టినయ్."

"ఏసీకి రేటింగు అడగలే నేను."

"సినిమా మంచిగనే ఉందయ్యా. హీరోయిన్ చీరలైతే ఎంత మంచిగున్నయో. పా, బండి తియ్యి, పోదాం."

"చీరలా? బొమ్మ బాగలేకుంటె ఏసీ గురించి, చీరల గురించి మాట్లాడాలని నీకు నేర్పిందే నేను. నామీదనే చూపెడ్తున్నవా?"

"అయ్యో, నిజంగనే మంచిగున్నయ్. గా నీలం రంగుది..."

"ఆపు."

"సరే, ఆపిన. బండి తియ్యి మరి."

"తీసి యాడికి పోతం? గీ సెల్లార్లకెల్లి బయటికి ఒక్కటే దారి. గా ర్యాంపు మీద మైకులు పట్టుకొని యూట్యూబ్ ఛానెలోళ్లందరు నిలబడ్డరు. నేను కనవడితే సచ్చిన."

"హెల్మెట్ పెట్టుకో."

"పెట్టుకున్నా గుర్తు పడ్తరు. గీ స్కూటీ గూడ వాళ్లకు ఎరికే."

"లిఫ్టుల పైకి పోయి, గటు దిక్కు నడుసుకుంట..."

"పైన రెండో ఆట జనం ఉన్నరు. అందరి చేతుల్ల ఫోన్లే. దస్తీ అన్నా, దస్తీ అన్నా అని ఎంబడి పడ్తరు."

"గా పేరు నువ్వే తెచ్చుకుంటివి. సినిమా హాలు గేటు కాడికి పొమ్మని నిన్నెవరన్న గుంజుకపోయిండ్రా?"

"వేషాలు లేకుండె, పైసలిస్తమంటె పోయిన. కృష్ణానగర్ల పొద్దంత ఛాయ్ బండి కాడ నిలబడితే ఎవడు పిలుస్తుండె నన్ను? ఏం పని ఉంది దాంట్ల అనుకున్న. సినిమా వదలంగనే జనంల కలిసి బయటికి రావాలె. మైకు ముంగట ఏడ్వాలె, రేటింగు ఇయ్యాలె. గంతే అనుకున్న."

"గా దస్తీ పిండుమని ఎవరు చెప్పిండ్రు?"

"నాకే తోచింది. నల్లా కాడ జేబురుమాలు తడుపుకొని వచ్చి, కెమెరా ముంగట పిండి, 'దస్తీ తడిసిందన్నా! ఐదుకు ఐదు!' అన్న. అందరు మెచ్చిండ్రు. ఇగ ప్రతి సినిమాకు అదే అడిగిండ్రు."

"లోపట గురక కొట్టి, బయటికొచ్చి ఏడుస్తుంటివి."

"ఇంటికొచ్చినంక నిజం చెప్పేటోన్ని గద. నువ్వు బియ్యం కడుక్కుంట అడుగుతుంటివి, గేటు రేటింగు ఎంత, ఇంటి రేటింగు ఎంత అని."

"గేటు కాడ ఐదు, ఇంట్ల ఒకటింబావు."

"గందుకే అడుగుతున్న. ఇంటి రేటింగు చెప్పు. సినిమాకు గాదు, నా సీనుకు."

"హెల్మెట్ ఏది, ఇటియ్యి."

"లచ్చీ, నీతోనే మాట్లాడుతున్న."

"చూసిన."

"చూసినవని ఎరికే. ఎంత?"

"నీ సీను చిన్నది గదయ్యా..."

"చిన్నదే. సచ్చిపోయిన బిడ్డను భుజాన ఏసుకొని దవాఖాన మెట్లు దిగుడు. ఒక్క మాట లేదు, ఏడుపే. గా సీనుకోసమే గద డైరెక్టరు రఘునందన్ సార్ నన్ను కూసోబెట్టి చెప్పింది. 'నర్సన్నా, నీ మొకంల ఒక తండ్రి ఉన్నడు. గేటు కాడికి పోవుడు బంద్ చెయ్యి' అన్నడు. చేసిన్నా లేదా?"

"చేసినవ్."

"ఏడాది సంది ఒక్క మైకు ముంగటికి పోయిన్నా?"

"పోలే. నా కుట్టు మిషన్ మీదనే ఇల్లు నడిచింది. నేనేమన్న అన్ననా?"

"అనలే. నువ్వు అనలే కాబట్టే నేను నిలబడ్డ. గ్లిజరిన్ వద్దన్న. ఒక్కటే టేకు. కట్ చెప్పంగనే రఘునందన్ సార్ ఉరికొచ్చి కావలిచ్చుకున్నడు. లైట్లు పట్టేటోళ్లు గూడ కండ్లు తుడుసుకున్నరు."

"చెప్పినవ్. గల్లీల అందరికీ చెప్పినవ్."

"మరి ఇయ్యాల ఏమైందే? నేను మెట్లు దిగుతుంటే హాల్ల సప్పుడు లేకుండె. ముందు లైన్ల గూసొని ఊపిరి బిగవట్టిన. ఎనక ఎవరో ముక్కు గూడ ఎగపీల్చిండ్రు. ఏడుస్తున్నరన్నట్టే గద?"

"జలుబు గావచ్చు."

"జలుబా?"

"ఏసీ గద."

"గప్పుడొచ్చింది ఒక నవ్వు. ఎనక లైన్లకెల్లి. ఒక్కటే. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక ముక్కుల్నుంచి తన్నుకొచ్చినట్టు. దాని ఎనక ఇంకోడు. ఇగ ఎవడో 'దస్తీ తడిసిందా అన్నా' అని ఒర్రిండు. హాలు హాలంతా పడి పడి నవ్విండ్రు. నా భుజం మీద బిడ్డ శవం ఉంది లచ్చీ! నవ్విండ్రు!"

"జనం గంతే. మనసుల పెట్టుకోకు."

"జనాన్ని ఏమనకు. జనం మంచిగనే చూస్తుండ్రి. తప్పంతా ఫస్టు నవ్వినోళ్లది. గా ఒక్క నవ్వు లేకుంటే ఇయ్యాల నా కత వేరే ఉండు. నువ్వు ఎనకనే గూసున్నవ్ గద. ఎవరు?"

"చీకట్ల ఏం కనవడ్తది?"

"ఆడమనిషి గొంతు."

"ఆడోళ్లు మస్తుమంది ఉన్నరు."

"నీ లైన్ల?"

"నా లైన్ల ఉన్నరు, ముందట ఉన్నరు. నేను తెర చూస్తనా, వాళ్ల మొకాలు చూస్తనా?"

"నీ పక్కన నాగేశ్వరి గూసుంది గద."

"గూసుంది. అయితే?"

"ఆమెనేనా? నీకు దోస్తు అని దాస్తున్నవా?"

"ఛ! నాగేశ్వరి పాపం ఏడ్చింది. నిజంగ ఏడ్చింది."

"ఆమె మొగడు గూడ వేషాల కోసం తిరిగేటోడే. నా సీను పండితే వాళ్లకు కడుపుమంట ఉండదా?"

"ఆమెను అనకయ్యా. పాపం తగుల్తది."

"నువ్వైతే ఏడ్చినవ్ గద?"

"కండ్లల్ల నీళ్లైతే వచ్చినయ్."

"నాకు తెల్సు! నీది మెత్తటి మనసు. మా నాయిన పోయిననాడు గూడ నాకంటె నువ్వే ఎక్కువ ఏడ్చినవ్. గేటు కాడ మైకుల మాట్లాడుతుంటే ఫోనొచ్చింది, గట్లనే ఉరికొచ్చిన. నువ్వు గోడదిక్కు తిరిగి, కొంగు నోట్ల కుక్కుకొని కదిలిపోతున్నవ్. మా అక్కలు ఇప్పటికీ అంటరు, కన్నబిడ్డలం మేమే గంత ఏడ్వలే, కోడలు ఏడ్చింది అని."

"ఇప్పుడు మామ ముచ్చట ఎందుకు? ఎవరో వస్తున్నరు సూడు."

"గమ్మునుండు. గా పిల్లర్ ఎనక్కి జరుగు."

"నర్సయ్య గారూ! ఇక్కడున్నారేంటండీ? పైనంతా వెతుకుతున్నాం మీకోసం."

"అరవింద్ సార్... ఏం లేదు సార్, బండి స్టార్టు అయితలేదు. లచ్చీ, గీ సారే మన సినిమా పబ్లిసిటీ చూసేది. వెనకట నన్ను గేటు కాడికి పిలిచేది గూడ గీ సారే."

"నమస్తే అమ్మా. మీవారు హాలు ఊపేశారండీ! నిర్మాత గారు ఇప్పుడే ఫోన్ చేశారు. సెకండాఫ్ మొత్తం మీద జనం లేచింది ఆ ఒక్క సీనుకేనట."

"సార్, గది ఏడుపు సీను."

"ఏదైతే ఏంటండీ, జనం లేచారా లేదా? ఎవరో క్లిప్పు కూడా పెట్టేశారు, అందరి ఫోన్లలో అదే తిరుగుతోంది. రండి, ర్యాంపు దగ్గర అందరూ రెడీగా ఉన్నారు. 'నా సినిమాకి నా దస్తీయే తడిసిందన్నా, ఐదుకు ఐదు!' అంతే, ఒక్క ముక్క. దస్తీ ఉందా? లేకపోతే నా కర్చీఫ్ తీసుకోండి. నీళ్ల బాటిల్ కూడా తెచ్చాను."

"సార్, నేను గా పని బంద్ చేసిన. రఘునందన్ సార్‌కు తెలిస్తే..."

"డైరెక్టర్ గారేనండీ పంపించింది."

"ఆయనేనా పంపింది?"

"మొదట్లో మొహం మాడ్చుకుని కూర్చున్నారు లెండి. తర్వాత నిర్మాత గారు మాట్లాడారు. సినిమా నిలబడాలి కదండీ."

"ఒక్క మాట చెప్పు సార్. గా ఇంకో సినిమా తీస్తున్న వరప్రసాద్ సార్ వచ్చిండా? నా సీను చూసినంక ఫిల్మ్‌నగర్ ఆఫీసుకు రమ్మంట అన్నడు. హీరో నాయిన వేషం. సినిమా అంతా ఉంటది."

"వచ్చారు. నా పక్కనే కూర్చున్నారు. మిమ్మల్ని రేపే రమ్మన్నారు. వేషం ఖాయం."

"విన్నవా లచ్చీ? ఖాయమట! నేను చెప్పలే?"

"హీరో నాన్న కాదండీ. ఆ కథలో సినిమా హాలు సీనొకటుంది. హాల్లోంచి ఒకాయన ఏడుస్తూ బయటికొచ్చి దస్తీ పిండుతాడు. అది మీరే. కామెడీ బాగా పండుతుందన్నారు."

"మరి... నాయిన వేషం?"

"మిమ్మల్ని తండ్రిగా పెడితే జనం నవ్వుతారు కదండీ. ఆయన తప్పేముంది? ఇందాక మీరే చూశారు. ఇక మీరెక్కడికెళ్లినా దస్తీ అన్నే, అది అదృష్టం అనుకోవాలి. సరే, ఐదు నిమిషాలు. మీరు రాకపోతే మైకులనే ఇక్కడికి దింపుతాను. అమ్మా, మీరైనా చెప్పండి."

"చెప్త సార్, మీరు నడువుండ్రి."

"పోయిండా లచ్చీ?"

"మెట్లెక్కి పోయిండు."

"బాటిల్ గీడనే పెట్టిపోయిండు సూడు. దస్తీ తడుపుకోనీకి. పారేస్త ఆగు."

"వద్దు, ఇటియ్యి. నాకు దూప అయితుంది."

"నన్ను తండ్రిగ పెడితే నవ్వుతరట. సినిమా మొత్తం నేను కనవడితే నవ్వుతరట. రేపు ఇంకొకనికి దస్తీ పిండాలె, ఎల్లుండి ఇంకొకనికి. సచ్చేదాంక పిండాలె. నేను గీ సెల్లార్ల గాదే ఇరుక్కున్నది, గా గుడ్డముక్కల ఇరుక్కున్న."

"ఇంటికి పోదామయ్యా. మొకం గట్ల పెట్టకు, నాకు భయమైతుంది."

"ఇంటికి గాదు. మైకుల కాడికే పోత."

"పోయి?"

"ఏడ్వ. పిండ. నిజం చెప్త. ఇన్నేండ్లు అబద్ధం రేటింగులు ఇచ్చిన, ఇయ్యాల ఒక్క నిజం రేటింగు. నా సీనుకు ఐదుకు ఐదు అని చెప్త. మా గల్లీల ఉండే నాగేశ్వరి అనే ఆమె కావాలని నవ్వి చెడగొట్టింది, ఆమెకు ఏడుపంటే ఏందో తెల్వదని చెప్త."

"ఆమె పేరు తియ్యకు!"

"తీస్త. అందరికీ తెల్వాలె. నువ్వు గూడ నా పక్కన నిలబడు. 'నేను ఏడ్చిన' అని ఒక్క మాట అను చాలు. ఇంటి మనిషి మాట నమ్ముతరు."

"నేను రాను."

"సిగ్గా?"

"నాగేశ్వరి నవ్వలేదయ్యా. ఒట్టు. నా మిషన్ మీద ఒట్టు."

"మరి ఎవరో నీకు తెల్సన్నట్టు!"

"ఆమె కావాలని నవ్వలే. పెదవి కొరుక్కున్నది. కండ్లు మూసుకున్నది. గోర్లతోని చెయ్యి గిచ్చుకున్నది. అయినా గాలే."

"గివన్ని నీకెట్ల తెల్సు?"

"బండి తియ్యయ్యా, పోదాం."

"లచ్చీ. చెయ్యి చూపెట్టు."

"వద్దు."

"చూపెట్టు. గీ గోరుగాట్లు ఏంది?"

"నేనేనయ్యా."

"ఏంది నువ్వే?"

"ముక్కు ఎగపీల్చింది నేనే. నవ్వింది గూడ నేనే. ముందుగాల నవ్వింది."

"నువ్వా? నా కోసం ఏడాది మిషన్ తొక్కినదానివి, నువ్వా?"

"గా తెర మీద నువ్వు మూతి గట్ల వంకర పెట్టి, గదుమ వణికిచ్చి, ఒక కన్ను మూసినవ్ సూడు. నాకు దస్తీ యాదికొచ్చింది. ఇప్పుడు తీస్తడు, ఇప్పుడు పిండుతడు అనిపిచ్చింది. నేనేం చెయ్యాలె?"

"గది గేటు ఏడుపు గాదే! యాక్టింగే గాదు! కెమెరా ముంగట నేను మా నాయినను తలుసుకున్న. వాకిట్ల పండవెట్టిన నాయిన మొకాన్ని తలుసుకున్న. ఆయన పోయిననాడు ఎట్ల ఏడ్చిన్నో, అచ్చం గట్లనే ఏడ్చిన!"

"అవునయ్యా. అచ్చం గట్లనే ఏడ్చినవ్. ఆనాడు గూడ గోడదిక్కు తిరిగి, కొంగు నోట్ల కుక్కుకొని, నేను ఆపుకున్నది నవ్వే."